పిల్లికూతలు ఆగినప్పుడు

మొన్న సోమవారం పొద్దున నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సెక్కి కూర్చున్నాను. బస్సు ఇంకా కదల్లేదు. వెనక సీట్లో ఎవరో చిన్న డబ్బాను గబగబా ఆడించిన చప్పుడు, ఆ వెంటనే బుస్సుమని గాలి వదిలిన చప్పుడు వినిపించాయి. వద్దనుకున్నా నా తల వెనక్కి తిరిగింది. కాలేజీకి పోయే అమ్మాయి ఒకతె చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుని ఇన్‌హేలర్ పీల్చి, దాన్ని సంచీ అడుగుకు తోసేస్తోంది. నేను చూశానని తెలిసి ముఖం చిన్నబుచ్చుకుంది.

"దగ్గు మందక్కా," అంది.

"దగ్గు మందు కాదని నాకు తెల్సులే పాపా. పీల్చినాక ఊపిరి బిగబట్టల్ల. నువ్వు వెంటనే ఇడ్సేసినావు. మందంతా మల్లా బయటికే వచ్చె," అన్నాను.

ఆ పిల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కిటికీ వైపు తిరిగిపోయింది. ఎవరో తెలియని ఆవిడ పొద్దున్నే పాఠం చెబితే ఎవరికి నచ్చుతుంది? కానీ ఆ మాట నాది కాదు. నా నోట్లోంచి వచ్చినా అది అక్క మాట. ఆమె ఉన్నప్పుడు ఈ బస్సులో ఏ మూలన ఎవరు ఇన్‌హేలర్ తీసినా లేచి వెళ్లి మరీ సరిదిద్దేది. ఆమె పోయి రెండేళ్లు కావస్తున్నా నా చెవులు మాత్రం ఆ కొలువు మానుకోలేదు. పక్కవాళ్ల ఊపిరి ఎట్లా ఉందో వింటూనే ఉంటాయి.

అక్క అంటే నా తోడబుట్టిన అక్క కాదు. ఆళ్లగడ్డ బడిలో నాకంటే చాలా ముందు నుంచీ తెలుగు చెబుతుండిన టీచరు. పిల్లలకూ వాళ్ల అమ్మానాన్నలకూ టీచరమ్మ, నాకు అక్క. ఇద్దరిదీ నంద్యాలే కాబట్టి పొద్దున ఒకే బస్సులో పోయి సాయంత్రం ఒకే బస్సులో వచ్చేవాళ్లం. ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. అదీ మామూలు ఉబ్బసం కాదు, రోజూ మందు వాడుతున్నా చెప్పాపెట్టకుండా మీద పడే రకం. బడి ఉద్యోగానికి సెలవులుండేవి గానీ, ఊపిరిని కాపాడుకునే ఉద్యోగానికి ఆమెకు ఒక్క ఆదివారం కూడా ఉండేది కాదు.

బస్సులోకి ముందు ఆమె ముక్కు ఎక్కేది, తర్వాత ఆమె ఎక్కేది. మెట్టు మీద నిలబడి, గడ్డం కొంచెం పైకెత్తి, లోపలి గాలిని వాసన చూసేది. వెనక జనం తోసుకుంటున్నా కదిలేది కాదు.

"ఎక్కమ్మా బేగా. బస్సు ఈడనే పెట్టుకోమంటావా?" అని కండక్టరు విసుక్కునేవాడు.

"ఉండప్పా. ఆ కిటికీ పక్కన ఎవరో అగరొత్తులు పెట్టుకోనుండారు. నేను ఆపక్కకు పోను."

నిజంగానే ఆ పక్కన అహోబిలం పోయే భక్తుడెవరో పూజసామాను సంచీ ఒళ్లో పెట్టుకుని ఉండేవాడు. కట్ట విప్పను కూడా లేదు, ఆమెకు ఎట్లా తెలిసిందో అతనికి అర్థమయ్యేది కాదు. మల్లెపూలు, తలనొప్పి బామ్, కొత్త రెగ్జిన్ సీటు, ఎవరి బట్టల్లోనో మిగిలిన పొలం మందు, అన్నీ ఆమెకు మెట్టు మీదే తెలిసిపోయేవి. నాకు అది మొదట్లో వేడుకగా ఉండేది. తర్వాత తర్వాత ఆమె ముక్కుపుటాలు కొంచెం ఎక్కువ కదిలితే నా గుండె దడదడలాడేది.

సీట్లో సర్దుకున్నాక గుణింతం మొదలయ్యేది. డాక్టరు ఊది చూసుకోమని చెప్పిన గొట్టం ఒకటి వాళ్ల ఇంట్లో ఉండేది. లేచిన వెంటనే దాంట్లో ఊది, ముల్లు ఎక్కడిదాకా పోయిందో చూసుకునేది. బస్సులో మాత్రం తన సొంత పరీక్ష. ఒక్క ఊపిరిలో క గుణింతం చదవాలి. క, కా, కి, కీ అని మొదలుపెట్టి కః దాకా ఆగకుండా వచ్చిందంటే ఆ రోజుకు ఢోకా లేదు. కె దగ్గర తెగిందంటే ఆ రోజు బడిలో మేడమెట్లు ఎక్కదు, పిల్లల్నే కిందికి పిలిపించుకుంటుంది. కు, కూ దగ్గరే ఆగిపోయిందంటే మారు మాట లేకుండా బస్సు దిగి డాక్టరు దగ్గరికి.

"టీచరమ్మకు గుణింతం రాదా ఏందీ, రోజూ చదువుతాంది," అని ఒక కండక్టరు నవ్వాడు.

"గుణింతం వస్తాది నాయనా, ఊపిరే రాదు," అంది ఆమె, అదీ నవ్వుతూనే.

నాకు ఆళ్లగడ్డలో ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఖాళీగా ఉంది కదా అని పోయి ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె నా పేరడగలేదు, ఊరడగలేదు.

"పౌడరు పూసుకున్నావా?" అంది.

"పూసుకున్నానండీ."

"రేపట్నుంచి పూసుకోవద్దు. ల్యాకుంటే వేరే సీటు చూసుకో."

నాకు ఒళ్లు మండింది. ఈమె ఎవరు నా ముఖానికి పన్ను వెయ్యడానికి అనుకున్నాను. కానీ ఆ రోజు శిరివెళ్ల దాటాక ముందు పోతున్న శనగపొట్టు ట్రాక్టరు దుమ్ము బస్సులోకి కొట్టింది. ఆమె ముందుకు వంగి, రెండు చేతులు మోకాళ్ల మీద ఆనించి, ఒక్కొక్క ఊపిరిని బావిలోంచి చేదినట్టు తీసుకుంటుంటే పక్కన బొమ్మలాగా కూర్చుండిపోయాను. ఆమే సంచీ తెరిచింది, ఆమే మందు పీల్చింది, కొంతసేపటికి ఆమే నా చెయ్యి తట్టి భయపడొద్దని సైగ చేసింది. మరునాడు నేను పౌడరు లేకుండా పోయాను. ఆమె నా ముఖం చూసి, పక్కకు జరిగి చోటిచ్చింది.

"పౌడరు మానేసినావు గదా, నీకొక పాఠం చెప్తా ఇను," అని సంచీలోంచి రెండు ఇన్‌హేలర్లు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఒకటి నీలం, ఒకటి ఇటుకరంగు. "ఈ ఇటికరంగుది రోజూ పీల్చల్ల, ఆయాసం ఉన్నా ల్యాకున్నా. పీల్చినాక నోరు పుక్కిలించల్ల. ఈ నీలంది ఆయాసం వచ్చినప్పుడే. అందరూ చేసే తప్పు యాడుందో తెల్సునా? నీలంది పీలిస్తే అప్పటికప్పుడు హాయిగా ఉంటాది, దాన్నే నమ్ముకుంటారు. ఇటికరంగుది పీలిస్తే ఏమీ తెలీదు, అందుకని మానేస్తారు. లోపల ఊపిరిగొట్టాలు వాచి ఉంటాయి పాపా. ఆ వాపు తీసేది ఇది. ఇది మానేసి నీలందే మల్లా మల్లా పీలుస్తాండాడంటే వాడు గుంత తవ్వుకుంటాండాడని అర్థం."

ఒక పెద్ద ప్లాస్టిక్ గొట్టాన్ని నీలం డబ్బాకు తగిలించి, ఎట్లా నొక్కాలో, ఎంత నిదానంగా పీల్చాలో, మధ్యలో ఎందుకు ఆగాలో నా చేత చేయించింది. చుట్టుపక్కల వాళ్లు చూస్తున్నారని నేను సిగ్గుపడితే, "కండ్లద్దాలు పెట్టుకునేటోళ్లు దాచిపెట్టుకుంటాండారా? దీనికేం సిగ్గు?" అంది. అన్నీ అయ్యాక గొంతు తగ్గించింది.

"ఇంకొకటి. ఇది బాగా గుర్తు పెట్టుకో. నా ఛాతీలో పిల్లికూతలు ఇనబడతాంటే అందరూ భయపడతారు. కానీ కూత ఉందంటే గాలి కొంచెమన్నా పోయి వస్తాందని అర్థం. నాకు ఆయాసం తగ్గకముందే ఆ కూత ఉన్నట్టుండి ఆగిపోయి, నేను మాట్లాడకుండా, కండ్లు మూతలు పడతాంటే నెమ్మదించింది అనుకోవద్దు. లోపల గాలే ఆడటం ల్యాదని అర్థం. అప్పుడు ఎవరేం చెప్పినా ఇనొద్దు. పండబెట్టొద్దు. కూర్చోబెట్టి ఆస్పత్రికి ఎత్తకపో."

"నాకెందుకు చెప్తాండావక్కా ఇదంతా?"

"పక్కన కూర్చుండేది నువ్వే గదా," అంది, అదేదో టికెట్టుతో పాటు వచ్చే బాధ్యత అయినట్టు.

అప్పటి నుంచి ఆమె జబ్బు ఆమెది, భయం నాది. ఆమె హాయిగా కిటికీలోంచి అరటితోటలు చూస్తూ కూర్చునేది, నేను ఆమె మెడ కింది గుంటను చూస్తూ కూర్చునేదాన్ని. ఊపిరికి ఊపిరికీ ఆ గుంట లోపలికి లాక్కుంటే ప్రమాదమని ఆమే చెప్పింది మరి. మాట్లాడుతుంటే మాట వినేదాన్ని కాదు, మాట పొడవు వినేదాన్ని. పెద్ద పెద్ద వాక్యాలతో హెడ్మాస్టరును తిట్టిపోసిందంటే నాకు ప్రాణం కుదుటపడేది. రెండేసి మాటలకు ఒకసారి ఆగిందంటే నీళ్ల సీసా మూత తిప్పడం మొదలుపెట్టేదాన్ని. ఇంట్లో మా ఆయన గురక ఆగినా ఉలిక్కిపడేదాన్ని. బతికే ఉన్నానులే, పండుకో అనేవాడు పాపం.

ఆళ్లగడ్డలో బస్సు దిగి బడికి పోయే దారిలో రాతిబొమ్మలు చెక్కే షెడ్లుంటాయి. ఉలి కాలం పోయి మిషన్ల కాలం వచ్చాక అక్కడ తెల్లటి రాతిపొడి మంచులాగా లేస్తుంటుంది. ఆమె ఒకరోజు ముక్కుకు తడి కర్చీఫు కట్టుకుని ఆ షెడ్లలోకి పోయి, నేను వచ్చేటప్పుడు, పోయేటప్పుడు కొంచేపు ఆపండప్పా, మీరు కూడా ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ల్యాకుంటే రేపు మీదీ నా బతుకే అని చెప్పి వచ్చింది. రెండో మాట విన్నవాళ్లు తక్కువ గానీ మొదటి మాట అందరూ విన్నారు. మేము మలుపు తిరగగానే, టీచరమ్మ వస్తాంది, మిషన్ ఆపండి అని ఒకరు కేకేసేవారు. చప్పుడంతా ఆగిపోయేది. సగం చెక్కిన దేవుళ్ల మధ్య నుంచి ఆమె చెయ్యెత్తి పలకరిస్తూ నడిచి వెళ్లేది.

"ఏం టీచరమ్మా, ఈ పొద్దు యాడిదాకా వచ్చె?" అని అడిగేవాళ్లు, గుణింతం సంగతి వాళ్లకూ తెలుసు.

"కౌ దాకా వచ్చినా నాయనా. సున్న దగ్గర తెగె."

ఆమెకు సలహాలు చెప్పేవాళ్లకు కొదవ లేదు. తిప్పతీగ కషాయం తాగమనేవాళ్లు, ఇన్‌హేలర్ అలవాటైపోతుంది, మానెయ్యమనేవాళ్లు, దమ్ముకు గాడిదపాలను మించింది లేదనేవాళ్లు. అన్నీ ఓపికగా వినేది. "గాడిదపాలు కూడా తాగినా పాపా, మా నాయన వీధిలో గాడిదను నిలబెట్టి పిండించి తాపినాడు. ఆయాసం పోలా. ఓర్పు మాత్రం వచ్చె," అని నాతో చెప్పి పకపకా నవ్వేది, నవ్వితే దగ్గు, దగ్గితే నాకు దడ.

ఆమె భర్తను నేను అన్నా అని పిలిచేదాన్ని. గోస్పాడు దగ్గర వాళ్ల సొంతూళ్లో కొంచెం మడి ఉంది, రోజూ బండి మీద పోయి వచ్చేవాడు. నూర్పిడి బట్టలతో గడప దాటకూడదని ఆమె చట్టం. చలికాలం సాయంత్రాల్లో కూడా ఆ మనిషి వాకిట్లో కొళాయి కింద గజగజ వణుకుతూ స్నానం చేసి, దండెం మీది ఉతికిన లుంగీ కట్టుకుని గానీ లోపలికి వచ్చేవాడు కాదు. ఇంట్లో తిరగమోత ఆయనే వేసేవాడు, పెరటి పొయ్యి మీద, తలుపు మూసి. నోరు తక్కువ మనిషి. భార్య ఊపిరి సంగతి తప్ప ఇంకో సంగతి మాట్లాడగా నేను వినలేదు.

అట్లాంటి మనిషే ఆ పని చేశాడు.

వాళ్లది క్రైస్తవుల ఇళ్లు ఎక్కువగా ఉన్న వీధి. డిసెంబరు వచ్చిందంటే ఇంటింటికీ కొత్త రంగులు, గుమ్మం మీద నక్షత్రం. రంగు వేయని ఇంటికి పండగ రానట్టే లెక్క. వీళ్ల ఇంటికి మాత్రం ఏళ్ల తరబడి రంగు లేదు, నక్షత్రం ఒక్కటే. పెచ్చులూడిన గోడలను చూసి వీధిలో ఎవరూ ఏమీ అనకపోయినా, ఆయనకు మాత్రం లోలోపల వెలితిగా ఉండేది. ఒక సంవత్సరం పండగ ముందు జరిగే స్త్రీల ప్రార్థన కూడిక వాళ్ల ఇంటి వంతుకు వచ్చింది. ఆయన ఒక ఉపాయం ఆలోచించాడు. ఆమె ఆళ్లగడ్డలో ఉండే వేళకు పనివాళ్లను పిలిచి, పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా ముందు గదికి లేతనీలం రంగు వేయించాడు. సాయంత్రం అరచెయ్యి గోడకు ఆనించి చూసుకున్నాడు. రంగు అంటలేదు. ఆరిపోయింది కదా, ఇంకేం భయం అనుకున్నాడు.

ఆ సాయంత్రం కజ్జికాయలు ఇస్తాను రమ్మంటే నేనూ ఆమెతో పాటు వాళ్లింటికి పోయాను. గేటు దగ్గరే ఆమె ఆగిపోయింది. బస్సు మెట్టు మీద నిలబడినట్టే గడ్డం పైకెత్తింది.

"రంగేసినారు," అంది మెల్లగా.

"వద్దక్కా. మా ఇంటికి పోదాం పా," అన్నాను.

లోపల చాపల మీద ఆడవాళ్లు అప్పటికే కూర్చుని ఉన్నారు, ఒళ్లో బైబిళ్లు. గుమ్మంలో ఆయన నిలబడి ఉన్నాడు. ఇంట్లోకి కొత్త కోడలిని తెచ్చినట్టు ముఖం వెలిగిపోతోంది. ఆమె ఆ ముఖం చూసింది. అగరొత్తుల కట్ట ఉందని సీటు మారే మనిషి, పౌడరు పూసుకున్నానని నన్ను వేరే సీటు చూసుకోమన్న మనిషి, గేటు తీసింది.

"నా ఇంటికి ప్రార్థనకు వచ్చినోళ్లను ఇడిసిపెట్టి నేనెట్ల పోతా? కిటికీలు తీపిస్తా. కొంచేపే గదా," అంది.

కిటికీలు తీయించింది. మంచు పడుతోందని ఒక పెద్దావిడ మూయించింది. పాట మొదలైంది. ఆమెది మంచి గొంతు, పాట ఎప్పుడూ ఆమే ఎత్తుకునేది. మొదటి చరణం బాగానే నడిచింది. రెండో చరణంలో పంక్తుల చివర్లు తెగిపోవడం నాకు వినబడింది. మూడో చరణానికి ఆమె గొంతు లేదు, మిగిలిన వాళ్లే పాడుతున్నారు. ఆమె పెదవులు కదుపుతూ సంచీ కోసం వెతుక్కుంటోంది. నీలం డబ్బా అందించాను. పీల్చింది. ఆగి మళ్లీ పీల్చింది. పిల్లికూతలు గదంతా వినిపించడం మొదలైంది.

పాట ఆపేసి ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. ఆమె తల మీద, భుజాల మీద చేతులుంచి ప్రార్థన చేస్తున్నారు. గాలి రానివ్వండి, బయటికి తీసుకుపోదాం అని నేను అంటూనే ఉన్నాను, ప్రార్థన గొంతుల్లో నా గొంతు మునిగిపోయింది. వాళ్లను తప్పుపట్టను. ఆమె మీద ప్రేమ ఉండి చేస్తున్నారు, కొందరికి కన్నీళ్లు కారిపోతున్నాయి. ఆ ప్రార్థన మధ్యలో కూతలు మెల్లగా తగ్గాయి. తగ్గి, ఆగిపోయాయి.

"స్తోత్రం ప్రభువా," అంది పెద్దావిడ. "నెమ్మదించె. సూడండి, నిద్ర పోతాంది బిడ్డ."

స్తోత్రం, స్తోత్రం అని అందరూ కళ్లు తుడుచుకున్నారు. ఆయన రెండు చేతులూ జోడించి గోడకు చేరబడ్డాడు, ఆ లేతనీలం గోడకే. గదిలో అందరి ముఖాల్లోనూ పెద్ద గండం గడిచిన నిమ్మళం. నా చూపు మాత్రం ఆమె మీదే ఉంది. ఆమె మెడ కింది గుంట లోపలికి పీక్కుపోతోంది. పెదవుల రంగు మారింది. కళ్లు మూతలు పడుతున్నాయి.

జనాన్ని తోసుకుని ముందుకు పోయి రెండు భుజాలూ పట్టుకున్నాను. "అక్కా, గుణింతం చెప్పు. క గుణింతం చెప్పు," అన్నాను.

పెదవులు కదిలాయి. "క," అంది. రెండో అక్షరం రాలేదు.

ఆ తర్వాత నేనేం అరిచానో నాకు సరిగ్గా గుర్తు లేదు. తగ్గలేదు, ఊపిరి ఆగిపోతాంది, ఆటో, ఆటో అని అరిచానని తర్వాత వాళ్లే చెప్పారు. మంచం మీద పడుకోబెట్టబోయిన వాళ్లను నెట్టేశానట. ఆటోలో ఆమెను కూర్చోబెట్టి ఆయన వెనక నుంచి పట్టుకున్నాడు, నేను గొట్టం తగిలించిన నీలం డబ్బాను ఆమె నోటికి పెట్టి నొక్కుతూ, ఆగుతూ, మళ్లీ నొక్కుతూ పోయాను. నంద్యాల రోడ్లు ఎప్పుడూ అంత పొడవుగా లేవు. ఎద్దులబండి అడ్డం వస్తే ఆటోవాడి మీద కోపం, సిగ్నలు పడితే దేవుడి మీద కోపం. ఆయన మాత్రం ఒకే మాట అంటున్నాడు, ఆరిపోయిందమ్మా, చేత్తో ముట్టుకోని చూసినా, ఆరిపోయింది అని.

ఆసుపత్రిలో ముక్కుకూ నోటికీ మాస్కు పెట్టారు, పొగలాగా మందు ఎక్కించారు, నరానికి సూదులు వేశారు. చిన్న వయసు డాక్టరమ్మ స్టెతస్కోపు ఛాతీకి ఆనించి, ముఖం గంభీరంగా పెట్టుకుని అటూ ఇటూ మార్చి మార్చి వింది. ఎంతసేపటికో ఆమె కనుబొమలు సడలాయి. "ఇప్పుడు వినిపిస్తోంది," అంది. నాకూ వినిపించింది. పిల్లికూత. సన్నగా, గీరుకుపోతూ. ఆ కూత విని నేను వార్డు బయట కూర్చుని భోరున ఏడ్చాను. పిల్లికూత విని సంతోషంతో ఏడ్చిన మనిషి నేనొక్కదాన్నేనేమో.

మాట్లాడగలిగాక ఆమె మొదట పిలిచింది భర్తనే. ఆయన తలొంచుకుని వచ్చి నిలబడ్డాడు.

"రంగు బాగుండాది," అంది. "నేను పోయినా గోడ మాత్రం నిలబడతాదిలే."

ఆయన ఏడ్చాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని నవ్వింది. ఆ పండగకు ఆమె మా ఇంట్లోనే ఉంది. ఆమె ఉన్నన్నాళ్లూ మా అత్త పూజలో అగరొత్తి వెలిగించలేదు, దేవునికి మందారాలు చాల్లే అంది. మా అత్త ఎవరి కోసమూ ఏదీ మానుకునే మనిషి కాదు, అందుకని ఈ సంగతి చెబుతున్నాను.

కోలుకున్నాక తర్వాతి స్త్రీల కూడికలో అక్క లేచి నిలబడింది. నన్నూ తీసుకుపోయింది, గొట్టం పట్టుకునేదానికి. కూత ఆగిపోతే ఏమిటో, ఎందుకు పడుకోబెట్టకూడదో, గుంట ఎట్లా చూడాలో నాకు చెప్పినట్టే వాళ్లకూ చెప్పింది. పెద్దావిడ ముఖం ముడుచుకుంది.

"అంటే మా ప్రార్థన తప్పంటావా?"

"తప్పని ఎవరన్నారు పెద్దమ్మా? ప్రార్థన మానొద్దు. ఆటోలో చేసుకుందాం. ప్రార్థన ఆగొద్దు, ఆటో ఆగొద్దు. రెండూ పోనీ."

పెద్దావిడే ముందుగా నవ్వింది. ఆ రోజు ఆ ఆడవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు గొట్టం పట్టుకుని నొక్కడం నేర్చుకున్నారు. పెద్దావిడ ఉత్త గాలి పీల్చి, కళ్లు గట్టిగా మూసుకుని ఊపిరి బిగబట్టి, ఇంక ఇడ్సమంటావా అని చేత్తో అడిగితే గదంతా ఘొల్లుమంది. వీధి మొదట్లో ఉండే ఆటోవాడి నంబరు అందరి ఫోన్లలోకీ ఎక్కింది. గోడలకు రంగు వేసే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నా భయం పోలేదు గానీ పంచుకునేవాళ్లు దొరికారు, బస్సులో అప్పుడప్పుడూ నేనూ అరటితోటలు చూడగలిగాను.

రెండేళ్ల క్రితం చలికాలంలో ఆమెకు జలుబు చేసింది. ఉత్త జలుబే. డాక్టరు దగ్గరికి పోయింది, రాసిచ్చిన మాత్రలు మొదలుపెట్టింది, బడికి సెలవు పెట్టింది. చెయ్యవలసింది ఒక్కటి కూడా వదల్లేదు. మూడో పొద్దున, తెల్లవారుతుండగా, మీద పడింది. ఆయన కూర్చోబెట్టి గొట్టం పెట్టాడు. ఆటో వచ్చింది. పక్కింటి నుంచి పెద్దావిడ చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి ఆటో ఎక్కి, ఆసుపత్రి దాకా ఆమె వీపు నిమురుతూ ప్రార్థన చేస్తూనే ఉంది. వార్డులోకి పోయేటప్పటికి ఆమె ఛాతీలో కూత ఉంది. నాకు ఫోను వచ్చేటప్పటికి నేను బస్టాండులో ఉన్నాను. పరుగున పోయాను. అప్పటికి ఆమె నోట్లో గొట్టం వేసి మిషన్ మీద పెట్టారు. మధ్యాహ్నం దాటాక డాక్టరమ్మ బయటికి వచ్చింది, అప్పటి ఆ డాక్టరమ్మే.

"మీరు చెయ్యాల్సిందంతా చేశారు. సమయానికే తీసుకొచ్చారు," అంది ఆయనతో.

ఆ మాటే ఆయన పట్టుకున్నాడు. సమాధి దగ్గర ఎవరు పలకరించినా అదే. "టైముకే తెచ్చినామని డాక్టరే చెప్పె." తర్వాత ఇంటికి వచ్చినవాళ్లతోనూ అదే. రాతిబొమ్మల షెడ్ల నుంచి నలుగురు వచ్చి చేతులు కట్టుకుని నిలబడితే వాళ్లతోనూ అదే. ఎవరో తప్పుపడుతున్నట్టు, తను సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు.

కొన్ని వారాలకు ఒక ఆదివారం నేను పోయాను. ఆయన వాకిట్లో కొళాయి కింద స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఇప్పుడు ఆ చట్టం పాటించమని అడిగేవాళ్లు లేరు.

"టైముకే తెచ్చినాం గదమ్మా?" అన్నాడు.

"టైముకే తెచ్చినారన్నా."

"గొట్టం సరిగ్గానే పెట్టినా. పండబెట్టలా. ఆటో ఆగలా, ప్రార్థనా ఆగలా. ఆ పొద్దు రంగేయించి తప్పు చేసినా, ఆమె బతికె. ఈ పొద్దు ఒక్క తప్పు చెయ్యలా. మరి ఏందమ్మా ఇది?"

ఆ జబ్బు అట్లాంటిదని, అన్నీ సరిగ్గా చేసినా ఒక్కొక్కసారి అది మాట వినదని ఆయనకు తెలియక కాదు. నాకు తెలిసిన నిజం ఒకటుంది, అదే చెప్పాను.

"సరిగ్గా చేసినందుకే ఇన్నేళ్లు ఉండిందన్నా. ల్యాకుంటే ఎప్పుడో పోయిండేది."

ఆయన తల ఊపాడు. నా మాట నమ్మాడు, అది నాకు తెలుస్తూనే ఉంది. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, నేల వైపు చూస్తూ అన్నాడు.

"చాల్లేదమ్మా నాకు."